అందరినీ ఆపడమా, సోకినవారిని వెతకడమా?

టీకా ఇంకా రాని 2020లో కోవిడ్‌ను అడ్డుకోవడానికి ప్రభుత్వాల ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. భారత్ మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ విధించింది. దక్షిణ కొరియా అలాంటి లాక్‌డౌన్ లేకుండా పరీక్షలు, సోకినవారితో దగ్గరగా మెలిగినవారి గుర్తింపు, ఐసొలేషన్ మీద ఆధారపడింది.

ఖర్చు: లాక్‌డౌన్ భారం మొదట రోజు కూలీలపైనే పడుతుంది. పని పోయింది, బస్సులూ రైళ్లూ ఆగాయి. వలస కూలీలు పిల్లలను ఎత్తుకొని వందల కిలోమీటర్లు నడిచారు. ఈ మూల్యాన్ని లెక్కలోకి తీసుకోని పోలిక నా దృష్టిలో పోలికే కాదు. వెతికే పద్ధతిలో కిట్లు, ల్యాబులు, సిబ్బంది ఖర్చు చాలావరకు ప్రభుత్వం భరిస్తుంది.

శ్రమ: మొదటిదాన్ని ఒక్క ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. మన దగ్గర రాత్రి 8 గంటలకు ప్రకటిస్తే అర్ధరాత్రికే అమలైంది. రెండోదానికి ఏళ్ల సన్నద్ధత కావాలి. 2015లో మెర్స్ (మరో కరోనా వైరస్ జబ్బు) దెబ్బ తిన్నాక కొరియా చట్టాలను మార్చుకుంది, పరీక్షల వ్యవస్థను బలపరిచింది.

ముప్పు: లాక్‌డౌన్ సమయాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ సమయంలో పడకలు, ఆక్సిజన్ సమకూర్చుకోకపోతే అది వృథా. వెతకడంలో ఫోను, బ్యాంకు కార్డు వివరాలు అధికారుల చేతికి వెళ్తాయి. లక్షణాలు లేనివారు కొందరు తప్పించుకుపోతారు.

కేసులు తక్కువగా ఉండి, ఎవరి నుంచి సోకిందో తెలుస్తున్నంత కాలం వెతకడమే మేలు. ఆ జాడ తెగిపోయి, ఆసుపత్రులు నిండుతుంటే కొన్ని వారాల లాక్‌డౌన్ తప్పదు. అయితే రేషన్, నగదు పేదల ఇళ్లకు ముందే చేరాలి.