పాము గ్లియా చూడాలంటే ఏది మేలు: వెండి రంగా, యాంటీబాడీనా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపా?

వెన్నుపాము అనే మాట మనిషి కంటే పాముకే బాగా సరిపోతుంది. మనిషిలో అది నడుము దగ్గరే ఆగిపోతే, పాములో దాదాపు తోక కొసదాకా సాగుతుంది. దాన్ని అడ్డంగా, పల్చగా కోసి, కాలేజీ ల్యాబుల్లో అందరూ వాడే హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేస్తే న్యూరాన్లు (నాడీకణాలు) బాగానే కనిపిస్తాయి. వాటికి ఆసరాగా ఉండే గ్లియా కణాలు మాత్రం ఊదారంగు చుక్కల్లా మిగిలిపోతాయి. న్యూక్లియస్ తప్ప కొమ్మా రెమ్మా ఏదీ కనబడదు. ఆ కొమ్మలు చూడటానికి మూడు దారులున్నాయి.

ముందు ఆ కొమ్మల సంగతి. గ్లియా అనగానే క్షీరదాల పుస్తకాల్లోని నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్ గుర్తొస్తుంది. పాములో ప్రధానంగా ఉండేది వేరే రకం. కణం ఒళ్లు మెదడు లోపలి కుహరం గోడకో, వెన్నుపాము నడిమి కాలువకో అంటుకుని ఉంటుంది. అక్కణ్నుంచి సన్నని పోగొకటి పైపొర దాకా వెళ్లి, అక్కడ పాదంలా చదునుగా ఆనుకుంటుంది. దీన్ని రేడియల్ గ్లియా అంటారు. మనలోనూ గర్భంలో ఉన్నప్పుడు ఇవే ఉంటాయి, తర్వాత చాలావరకు నక్షత్రాలుగా మారిపోతాయి. పాముల్లో, బల్లుల్లో జీవితాంతం నిలిచేది ఈ పోగుల చట్రమే. నక్షత్రాలు కొన్ని చోట్ల మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి ఏ పద్ధతైనా పొడవాటి పోగును వెంబడించగలగాలి.

వెండి రంగుది పాత పేరు. 1873లో ఇటలీలో కెమిల్లో గోల్జీ కనిపెట్టాడు. కణజాలాన్ని కొన్నాళ్లు పొటాషియం డైక్రోమేట్‌లో ఊరబెట్టి సిల్వర్ నైట్రేట్‌లోకి మారుస్తారు. పసుపు నేపథ్యంలో అక్కడో కణం ఇక్కడో కణం మొదలుకంటా నల్లగా తేలుతుంది. గోడ దగ్గర కణం, దాని పోగు, పోగుకి ఇరువైపులా చిన్న చిన్న ముళ్లు, చివర పాదం, అన్నీ ఒకే ఫ్రేములో! ఇంత అందమైన స్లైడ్ మిగతా రెండింటిలో రాదు. చిక్కేమిటంటే ఏ కణం నల్లబడుతుందో దాని ఇష్టం. పట్టేది నూటికి ఏ కొన్నో. వారం కష్టపడ్డాక పనికొచ్చే కణం ఒక్కటీ పడకపోవచ్చు. వేళ్ల మీద నల్ల మరకలు మాత్రం గ్యారంటీ. లెక్కలు కట్టడానికి ఇది అస్సలు పనికిరాదు.

యాంటీబాడీ అంటే ఒక ప్రొటీన్‌నే వెతికి అతుక్కునే అణువు, అది అతుక్కున్న చోట రంగు తేలుతుంది. ఈ పద్ధతి వెండి రంగుకి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. ఆస్ట్రోగ్లియా (ఆస్ట్రోసైట్లు, రేడియల్ గ్లియా) లోపల జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్ పోగులుంటాయి. ల్యాబుల్లో బాగా వాడే యాంటీబాడీల్లో ఒకటి ఆవు వెన్నుపాములోని జీఎఫ్ఏపీని కుందేలుకి ఎక్కించి తయారుచేసింది. ఆవు ప్రొటీన్ కోసం చేసింది పాముకి ఎలా పట్టుకుంటుందని మొదట్లో నాకూ అనుమానమే. పరిణామంలో ఆ ప్రొటీన్ పెద్దగా మారలేదు కాబట్టే పట్టుకుంటుంది. ఒక్కో కణం విడిగా తేలదు గానీ, మొత్తం సెక్షన్‌లో (పల్చటి కోతలో) పోగుల దిశ, దట్టం, ఎక్కడ నక్షత్రాలున్నాయో అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి.

కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. రంగు రాని చోట గ్లియా లేదని రాసేస్తారు. గ్లియా ఉండి కూడా జీఎఫ్ఏపీ తయారుచేసుకోని ప్రాంతాలుంటాయి. అక్కడ గ్లియాలో ఉండే విమెంటిన్, గ్లూటమిన్ సింథటేజ్ లాంటి ఇతర ప్రొటీన్లకి వేరే యాంటీబాడీ వేసి చూశాకే మాట్లాడాలి. ఒలిగోడెండ్రోసైట్లు, మైక్రోగ్లియా అనే మిగతా గ్లియా రకాలు అసలు జీఎఫ్ఏపీకి దొరకవు. పక్కనే పోల్చి చూడటానికి, రంగు తప్పక రావాల్సిన ఎలుక సెక్షన్ ఒకటి, మొదటి యాంటీబాడీ (ప్రొటీన్‌ని నేరుగా పట్టుకునేది) వేయని, రంగు రాకూడని పాము సెక్షన్ ఒకటి పెట్టకుండా ఫలితం చూపిస్తే నేనైతే నమ్మను.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ సంగతి వేరు. మామూలు మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది. పోగు లోపలి తంతువులు ఒక్కోటి 10 నానోమీటర్లే. ఆ తంతువుల కట్టలు, గ్లైకోజెన్ రేణువులు, పక్క పక్క పోగుల మధ్య అతుకులు, నాడీ తంతువుల చుట్టూ ఉండే మయలిన్ పొర చుట్లు చూడాలంటే ఇది తప్ప మరో దారి లేదు. కానీ మిల్లీమీటరు పొడవు పోగును 70 నానోమీటర్ల సెక్షన్లతో వెంబడించాలంటే 14 వేలకు పైగా కోతలు కావాలి. పైగా కణజాలం తాజాగా ఉండాలి. ఫిక్సేషన్ (కణజాలం పాడవకుండా రసాయనంలో నిలపడం) ఆలస్యమైతే ముందు ఉబ్బి పాడయ్యేది గ్లియా కొమ్మలే. అలా ఉబ్బినదాన్ని చూసి పాము ప్రత్యేకత అనుకునే ప్రమాదముంది.

పామును పట్టి కోసేద్దామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. రోడ్డు మీద చచ్చిన జెర్రిపోతుని ల్యాబ్‌కి తేవాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. ఆ కాగితం వచ్చేసరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆశ వదులుకోవాల్సిందే. అందుకే నా ఓటు యాంటీబాడీకి. అనుమతితో తాజా మెదడు ఒక్కటి దొరికిందనుకోండి, అగ్గిపుల్ల తలంత ముక్క ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం గ్లూటరాల్డిహైడ్‌లో వేసి, మిగతాది యాంటీబాడీ కోసం పారాఫార్మల్డిహైడ్‌లో పెడతాను. అందులో మిగిలిపోయిన ముక్కల మీద తీరిగ్గా వెండి అదృష్టం పరీక్షించుకోవచ్చు.