రెండు రోజుల పని, మూడు రోజుల బిల్లు: హైదరాబాద్‌లో మేం పియానో కొన్న వైనం

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగేవాళ్లు సామాను లోపల పెట్టకముందే ఏసీ రిమోట్ చేతికి తీసుకోండి. పియానో సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కడుపుమంట చల్లారాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం కాజీపేటలో శాతవాహన ఎక్కాం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, "హైదరాబాద్ గల్లీ గల్లీ నాకు తెలుసక్కా" అంటూ వెంటపడి వచ్చిన మా తమ్ముడు. రైలు ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, కూర్చున్నాం, దిగాం. గల్లీ గల్లీ తెలిసిన మా తమ్ముడే ఆ లాడ్జికి తీసుకెళ్లాడు. కౌంటర్ దగ్గరి అబ్బాయి "ఏసీ రూం 1,400, నాలుగో మనిషికి 300, ట్వంటీ ఫోర్ అవర్స్ చెకౌట్ మేడం" అన్నాడు. 1,700 కట్టి పైకి వెళ్లాం. గదిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. కిందికొచ్చి అడిగితే, నడిపితే రోజుకి 400 అదనం, రిమోట్‌కి 500 డిపాజిట్ అన్నాడు.

"మరి ఏసీ రూం అని కదా డబ్బులు తీసుకున్నావు?"

"రూం ఏసీదే కదా మేడం. నడిపితేనే చార్జి."

ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నేను ఇరవై ఏళ్లుగా స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఫిబ్రవరి కాబట్టి ఏసీ లేకపోయినా ఫర్వాలేదనుకుంటే, ఫ్యాను ఒకటే స్పీడులో తిరుగుతుంది, దోమలకు అది ఏ మూలకూ చాలలేదు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. నలుగురికి ఒక గంట, ఒక బాత్రూం. మా అమ్మాయి చన్నీళ్లతో స్నానం చేసి పళ్లు టకటకలాడించుకుంటూ వచ్చింది.

ఇక అసలు పని. అమ్మాయి ఐదేళ్లుగా కాజీపేట రైల్వే కాలనీలో ఒక టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకుంటోంది, ఇంట్లో కీబోర్డు మీదే సాధన. పరీక్షల గ్రేడు పెరిగేకొద్దీ టీచరమ్మ ఒకటే మాట: "వేలికి బరువు తెలియాలి, అసలు పియానో కొనండి." చీటీ ఎత్తితే వచ్చిన 3 లక్షలు, పక్కన పెట్టుకున్న 50 వేలు, మొత్తం 3,50,000. అందులోనే పియానో, వ్యాను, శ్రుతి, అన్నీ రావాలి. గ్రాండ్ పియానో మన ఊహకే అందదు, గోడకు ఆనించి పెట్టుకునే అప్‌రైట్ చాలు. మా తమ్ముడు మాత్రం దారి పొడుగునా డిజిటల్ పియానో పాటే పాడాడు. "60 వేలకు వస్తదక్కా, శ్రుతి బాధ లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మనకు వినపడదు గూడ." ఆ చివరి మాటకే అమ్మాయి రెండు గంటలు వాడితో మాట్లాడలేదు.

శనివారం మధ్యాహ్నం బోయిన్‌పల్లి వైపు ఒక గోడౌన్‌కు వెళ్లాం. సెకండ్ హ్యాండ్ పియానోలు అమ్మే చోటు. నల్లగా అద్దంలా మెరుస్తున్న యమహా యూ1 మోడల్ చూపించాడు అక్కడి మనిషి. "నైంటీస్ మోడల్ మేడం, జపాన్ నుంచి డైరెక్ట్ కంటైనర్ల వచ్చింది. 2,85,000." మేం అప్పటికే ఒక షోరూంలో కొత్తవి చూసొచ్చాం. మా డబ్బుకు కొత్తదైతే 109, 110 సెంటీమీటర్ల ఎత్తున్నవే దొరుకుతాయి, ఇది 121. ఎత్తు ఎక్కువైతే లోపల మంద్ర తీగలు పొడవుగా ఉంటాయి, గుండెల్లోంచి వచ్చినట్టు మోగుతాయి. అమ్మాయి కూర్చుని వాయిస్తుంటే ఫోన్లో తల దూర్చిన మా తమ్ముడు కూడా తలెత్తాడు. పెద్దది, చవక, పైగా జపాన్‌ది. మావారు ఫోన్ పే తెరిచేశారు. అడ్వాన్సు 25,000 అడిగాడు, రేపు ఇంకో పార్టీ వస్తోందన్నాడు.

"నాన్నా, రేపు ఇంకోసారి వాయించి చూస్తా" అంది అమ్మాయి. మావారికి కోపం వచ్చింది, ఆదివారం సాయంత్రమే వెనక్కి వెళ్లాలని ఆయన ప్లాను. కానీ టీచరమ్మ ఇచ్చిన ట్యూనర్ (పియానోకు శ్రుతి చేసే ఆయన) నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేస్తే, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మూడింటికి వస్తాను, చూడటానికి 1,500 అన్నారాయన. ఆ మాట చెప్పగానే గోడౌన్ మనిషి ముఖం మారింది. "మా దగ్గర మా టెక్నీషియన్ ఉన్నడు మేడం, బయటోళ్లు ఎందుకు?" నేను తలూపి వచ్చేశాను. అడ్వాన్సు మాత్రం ఇవ్వనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం ట్యూనర్‌ను కలవడానికి గోడౌన్‌కు బయల్దేరేముందు గది ఖాళీ చేద్దామని పదకొండున్నరకు కిందికి దిగాం. మేం దిగింది ముందురోజు పన్నెండుకు, అంటే ఇరవై నాలుగు గంటలకు ఇంకా అరగంట ఉంది. కౌంటర్లో మనిషి మారాడు. "చెకౌట్ తొమ్మిదికే మేడం, రిజిస్టర్ల రాసుంది చూడండి, రెండో రోజు 1,700." చూస్తే నిజంగానే ఉంది, నా సంతకం పక్కనే, చీమ తలకాయంత అక్షరాల్లో. పావుగంట గొడవపడ్డాను. మావారు గోడ మీది క్యాలెండర్‌ను చాలా శ్రద్ధగా చదువుతూ నిలబడ్డారు. చివరికి 850 తీసుకున్నాడు. రశీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. ఆ 850 నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, 3 లక్షలు ఖర్చయిన సంగతి గుర్తు రాదు.

ట్యూనర్‌గారికి డెబ్బై దాటి ఉంటాయి. పాత స్కూటర్, ముందు కాళ్ల దగ్గర తోలు సంచి. ఆయన చెయ్యి వేయకముందే అమ్మాయి కూర్చుని మధ్యలో ఒక మెట్టు నొక్కింది, ముఖం చిట్లించింది. నిన్నటిలా లేదు. పియానోలో ఆ ప్రాంతంలో ఒక్కో స్వరానికి మూడేసి తీగలుంటాయి, మూడూ ఒక్కటిగా పలకాలి. ఇక్కడ మూడూ మూడు దారులు పట్టాయి, స్వరం వణుకుతోంది. నాకే వినపడింది.

ఆయన పై పలక తీసి పక్కన పెట్టారు. లోపల ఇనుప చట్రం మీద అక్షరాలు టార్చితో చూపించారు. యూ1హెచ్.

"హెచ్ అంటే డెబ్బైల నాటిదమ్మా. తొంభైలది కాదు. యాభై ఏండ్లు నడుస్తున్నయి."

గోడౌన్ మనిషి వెంటనే, "అంటే మేడం, లోపల పార్టులు నైంటీస్‌ల మార్చిన్రు" అన్నాడు. ఏ పార్టులని మావారు అడిగారు. జవాబు లేదు.

ట్యూనర్‌గారు తీగ చుట్టిన ఒక మేకుకు, దాన్ని తిప్పే తన పనిముట్టు తగిలించి, నన్ను కూడా పట్టుకోమన్నారు. రెండు వేళ్లతోనే తిరిగింది. ఈ మేకులన్నీ ఒక చెక్క దిమ్మలో దిగి ఉంటాయట, దాన్ని పిన్ బ్లాక్ అంటారు. రెండు వందలకు పైగా తీగలు, అన్నీ కలిపి కొన్ని టన్నుల లాగుడు, అంత లాగుడుకు మేకులు తిరిగిపోకుండా ఆపేది ఆ చెక్క పట్టే. అది ఎండి వదులైతే మేకు జారుతుంది, శ్రుతి నిలవదు. "పొద్దున శ్రుతి చేస్తే పొద్దుమూకే దాకా ఉంటది. నిన్న మీరొచ్చే ముందు చేసి ఉంటరు" అన్నారు. లావు మేకులు వేయించి బాగు చేయించవచ్చు, కానీ ఆ ఖర్చుకు చవక అన్న మాటకే అర్థం ఉండదు.

ఆ మోడల్‌ను తిట్టడం లేదు. బాగా కాపాడిన యూ1హెచ్ ఇప్పటికీ మంచి పియానోనేనని ఆయనే అన్నారు. ఆ గోడౌన్‌లోనిది కాపాడింది కాదు, మెరుగు పెట్టింది. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు నా మాట విని ఒకే పియానోను రెండు వేర్వేరు రోజుల్లో చూడండి, రెండోసారి చెప్పకుండా వెళ్లండి. ట్యూనర్ లేకుండా పైసా ఇవ్వకండి.

1,500 ఇచ్చాక ఆయన వెళ్లిపోతారనుకున్నాను. ఇరానీ చాయ్ తాగుదాం పదండమ్మా అని తనే తీసుకెళ్లారు. నాలుగు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, బిల్లు ఆయన కట్టారు. అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, కమీషనూ లేదు. అక్కడే మా ఇంటి సంగతులు ఒక్కొక్కటీ అడిగారు. గది ఎంత, నేల ఏమిటి, ఎలుకలున్నాయా (పెడల్స్ దగ్గరి సందులోంచి దూరి లోపలి ఫెల్ట్, అంటే మెత్తటి ఉన్ని, కొరికేస్తాయట), ఎండాకాలం కూలర్ పెడతారా. పెడతామన్నాం, వరంగల్ ఎండలకు కూలర్ లేకుండా ఎలా? ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఆ గదిల కూలర్ పెడితే పియానో కొనకండి. తడి గాలి తగిలితే చెక్క ఉబ్బుతది, తీగ తుప్పు పడ్తది." మావారు నా వైపు చూశారు. ఆ కూలర్ పోయినేడే 9,200 పెట్టి కొన్నాం.

ఆ రాత్రి అమీర్‌పేటలో 1,850 గది. శుభ్రంగా ఉంది, నిద్రపోయాం.

సోమవారం నేనూ మావారూ సెలవు పెట్టి రెండు షోరూములు తిరిగాం. మా బడ్జెట్‌కు మిగిలినవి రెండే: యమహా జేయూ109, కవాయ్ కే-15. ఒకటి 109 సెంటీమీటర్లు, ఇంకోటి 110. రెండూ నలుపే, రెండింటికీ 88 మెట్లు, మూడు పెడల్స్, రెండూ ఇండోనేషియాలో తయారైనవే. ఆ మాటకొస్తే రెండు కంపెనీలదీ జపాన్‌లో ఒకే ఊరు, హమామత్సు. యమహా 1887 నాటిది. 1927లో కవాయ్ పెట్టినాయన అంతకుముందు యమహా దగ్గర పనిచేసినవాడే. మన దగ్గర ఒక స్వీట్ షాపులో మాస్టరు బయటికొచ్చి ఎదురుగా ఇంకో షాపు పెట్టినట్టు. మాకు చెప్పిన ధరలు జేయూకి 3,24,000, కే-15కి 3,36,000.

మధ్యలో సేల్స్ అబ్బాయి మమ్మల్ని పదే పదే యమహా జేఎక్స్113 వైపు లాగాడు. "ఇంకో డెబ్బై వేలే సార్, నాలుగు సెంటీమీటర్లు పెద్దది, ఈఎంఐ ఉంది." కింది స్వరాల్లో తేడా ఉన్నమాట నిజం. కానీ డెబ్బై వేలను "వేలే" అనే మనిషి మాట నాకు ఎక్కదు.

మావారికి కవాయ్ మీద ఒక భయం. లోపల తీగలను కొట్టే సుత్తులను కదిలించే భాగాల్లో కొన్ని ఏబీఎస్ ప్లాస్టిక్‌వట. "3 లక్షలు పెట్టి ప్లాస్టిక్కా?" అని షోరూంలోనే గట్టిగా అన్నారు. ట్యూనర్‌గారికి ఫోన్ చేస్తే నవ్వారు. వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయని ఫోన్లు వస్తుంటాయి, ఆ ప్లాస్టిక్ ఉబ్బదు, కవాయ్ వాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నారు, దాన్ని చూసి వద్దనుకోకండి అన్నారు. యమహా పేరుకు రేపు అమ్మినా ధర వస్తుందని మావారు ఇంకో వాదం తెచ్చారు. కొనకముందే అమ్మడం ఏమిటని అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్కడితో ఆ వాదం అయిపోయింది.

ట్యూనర్‌గారు చెప్పినట్టే చూసింది అమ్మాయి. ముందు పాటలు వాయించలేదు. అన్నిటికంటే కింది మెట్టు నుంచి ఒక్కొక్కటీ మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. రాగి చుట్టిన మందపాటి తీగలు అయిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోట గొంతు మారినట్టు వినిపిస్తుందా లేదా అని చూడాలట. చిన్న పియానోలు అక్కడే దొరికిపోతాయి. తర్వాత ఒకే మెట్టును గబగబా కొట్టడం, తర్వాత వినీ వినపడనంత నెమ్మదిగా నొక్కడం. జేయూ గొంతు గలగలమంది, చప్పున ఆకట్టుకుంటుంది. కే-15 కొంచెం మెత్తన. మా హాలు 12 అడుగులకు 11, కింద టైల్స్, కర్టెన్లు తప్ప ధ్వనిని పీల్చుకునేది ఏమీ లేదు. షోరూంలో గలగలమనేది ఆ గదిలో గణగణమంటుంది. పెద్ద హాలు, కార్పెట్ ఉన్నవాళ్లయితే జేయూనే తీసుకోమంటాను, 12 వేలు మిగులుతాయి. మేం కే-15 తీసుకున్నాం. బేరమాడితే 3,28,000కు దిగాడు, స్టూలు, కవరు అందులోనే.

హనుమకొండకు వ్యాను, నలుగురు మనుషులు 13,500. దించే ముందు తలుపు కొలవలేదని నాకు చెమటలు పట్టాయి కానీ దూరింది. వచ్చిన వెంటనే శ్రుతి చేయించొద్దు, కొత్త గదికి అలవాటు పడనివ్వమన్నారు ట్యూనర్‌గారు. మూడు వారాల తర్వాత ఆయనే బస్సెక్కి వచ్చారు, చార్జీలతో కలిపి 3,000. అంతా కలిపి, చూసినందుకు ఇచ్చిన 1,500తో సహా, 3,46,000. లాడ్జివాడి 850 ఈ లెక్కలో లేదు.

ఏప్రిల్‌లో గోడౌన్ మనిషి ఫోన్ చేశాడు. అదే పియానో, 2,20,000కే ఇస్తాడట, ఎయిటీస్ మోడల్ అట. పదేళ్లు వెనక్కి వచ్చాడు, ఇంకో ఫోన్ చేస్తే నిజం దాకా వస్తాడేమో.

హాల్లో పియానో ఉంది కాబట్టి కూలర్ వెనక గదిలోకి పోయింది. అది మంచం పడితే మనిషి పట్టని గది. మే నెలంతా ముగ్గురం అక్కడే పడుకున్నాం. మా తమ్ముడు వచ్చినప్పుడు హాల్లో పడుకోమంటే, "ఏసీ ఉన్న లాడ్జి చూసుకుంటలే అక్కా" అన్నాడు.