యూనివర్సిటీ ఫైళ్లకు ఇంటి నుంచి ఏ దారి మేలు: నెట్‌వర్క్ డ్రైవా, ఎస్‌ఎఫ్‌టీపీనా?

మాది రాజోలు దగ్గర పల్లె. కోనసీమలో వరిచేలు ఎంత మేర రొయ్యల చెరువులయ్యాయో ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం నా పరిశోధన. ఆ చిత్రాలన్నీ యూనివర్సిటీ సర్వర్‌లోనే ఉంటాయి. వాటిని అందుకోవడానికి రెండు దారులూ వాడి చూశాను.

మొదటిది షేర్‌ను, అంటే సర్వర్‌లో మనకు పంచిన ఫోల్డర్‌ను, మన కంప్యూటర్‌లో డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోవడం. విండోస్‌లో సర్వర్ చిరునామా ఇస్తే సి, డి డ్రైవ్‌ల పక్కన జెడ్ వచ్చి చేరుతుంది. ల్యాబ్‌లో కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌కు ఇంతకన్నా సుఖమైన పద్ధతి లేదు.

ఇంటి దగ్గర కథ వేరు. ముందు వీపీఎన్, అంటే ఇంటి నుంచి యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి, కలపాలి. డ్రైవ్‌ను నడిపే ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్‌కు సర్వర్‌లో 445వ పోర్టు, అంటే ఆ నంబరు ద్వారం, కావాలి. 2017లో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ పాత ఎస్‌ఎంబీలోని లోపాన్ని పట్టుకునే ప్రపంచమంతా పాకింది. ఆ పోర్టును బయటి ఇంటర్నెట్‌కు మూసి ఉంచడమే న్యాయం. వీపీఎన్ కలిశాక కూడా నెమ్మదే. ఫోల్డర్ తెరిచినా, పేరు మార్చినా ఎస్‌ఎంబీ సర్వర్‌ను పదేపదే అడుగుతుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే, లైను వేగం ఎంతున్నా ఆ రాకపోకలకే పొద్దుపోతుంది.

వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. బ్యాటరీ ఉంది కనుక ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. గోడ మీది రౌటర్ దీపాలు మాత్రం ఆరిపోయాయి. జెడ్ డ్రైవ్ నుంచి నేరుగా తెరిచిన పటం సేవ్ అవుతూ మధ్యలో ఆగింది. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా తెరుచుకోలేదు. చెరువు గట్ల వెంట మూడు రోజులు కూర్చుని గీసిన గీతలు దాంతోపాటే పోయాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పటి నుంచి పటాలకు రెండో దారి, అంటే సర్వర్‌కూ మన కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్లను భద్రంగా కాపీ చేసే ఎస్‌ఎఫ్‌టీపీయే వాడుతున్నాను. అందుకు వాడే విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రామ్‌లో ఎడమ పక్క నా కంప్యూటర్, కుడి పక్క సర్వర్ కనిపిస్తాయి. ఫైలు దించుకుని, సొంత డిస్కు మీద పని ముగించి, తిరిగి ఎక్కిస్తాను. పెద్ద చిత్రం సగంలో తెగినా, లైను రాగానే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. మా ఊరి కరెంటుకు ఇదే తగిన పద్ధతి.

దీనికీ ఒక లోటుంది. ఒకే ఫైలుకు రెండు ప్రతులు తయారవుతాయి. ఏది కొత్తదో మనమే గుర్తుంచుకోవాలి. డ్రైవ్ మీద వర్డ్ ఫైలును ఒకరు తెరిస్తే రెండోవారికి అది చదవడానికే వస్తుంది కాబట్టి, ఒకరి దిద్దుబాట్లను మరొకరు చెరిపేసే ప్రమాదం తక్కువ. ఎస్‌ఎఫ్‌టీపీలో ఆ కాపలా లేదు. అందుకే మా గైడుగారితో కలిసి దిద్దే అధ్యాయాలను ఇప్పటికీ వీపీఎన్ మీద జెడ్ డ్రైవ్‌లోనే తెరుస్తాను, రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపిన తర్వాతే.