డీజేఐ మినీ 2: కోనసీమలో తిరుగులేదు, గండికోటలో అవసరమే లేదు

విదేశీ డ్రోన్ల దిగుమతిని మన దేశం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. నా డీజేఐ మినీ 2 డ్రోన్ అంతకుముందు కొన్నది. ఇన్నాళ్లు వాడాక నాకు తేలిందేంటంటే, ల్యాండ్‌స్కేప్ ఫొటోలకు ఇది కొండల్లో కన్నా చదును నేల మీదే ఎక్కువ పనికొస్తుంది.

గండికోట సంగతే చూడండి. పెన్నా లోయ అంచున నిలబడితే చాలు, కావాల్సిన ఎత్తు మన కాళ్ల కిందే ఉంటుంది. అక్కడికి నేను ట్రైపాడ్, మామూలు కెమెరా, 24 ఎంఎం లెన్స్ పట్టుకెళ్తాను. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, పగుళ్లు తేలిన క్వార్ట్‌జైట్ బండను ఫ్రేమ్ కింది సగంలో పెడితే, దాని వెనక లోయ ఎంత లోతో చూసేవాళ్లకి తెలిసిపోతుంది. అదే లోయను బాగా పైనుంచి తీస్తే లోతంతా పోయి పరిచిన దుప్పటిలా కనిపిస్తుంది. పైగా కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా డ్రోన్ లేపకూడదు.

మినీ 2 లెన్స్ కూడా 24 ఎంఎంకి సమానమే. చిక్కంతా అక్కడే. వైడ్ లెన్స్‌తో తీసేటప్పుడు దగ్గర్లో ఏదో ఒకటి ఉండాలి. గాల్లో దగ్గర ఏముంటుంది? రూల్స్ ఒప్పుకునే 120 మీటర్ల దాకా లేపితే అన్నీ చిన్నవైపోతాయి.

కోనసీమలో లెక్క వేరు. కాలవ గట్టు మీద నిలబడి తీస్తే వరిచేలన్నీ కలిసిపోయి ఒక్క పచ్చ గీత. పది మీటర్లు లేపండి, చేల గట్లు విడివిడిగా కనబడతాయి, కాలవ వంపు బయటపడుతుంది. ఇంకాస్త లేపి కొబ్బరి తలలకు కొంచెం పైన ఆపితే ఆ మట్టలే ఫోర్‌గ్రౌండ్, అంటే ఫొటోలో మనకు దగ్గరగా ఉండే భాగం. నేను దాచుకున్న ఫొటోల్లో ఎక్కువ ఈ ఎత్తులోవే. కాకపోతే ఈ డ్రోన్‌కి అడ్డంకులు పసిగట్టే సెన్సార్లు కిందికి చూసేవే ఉన్నాయి. ముందూ పక్కలా ఏముందో దానికి తెలీదు కాబట్టి చెట్ల దగ్గర ఉన్నంతసేపూ టెన్షనే.

నిట్టనిలువుగా కిందికి తీయాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోట ఉప్పు మడులు భలే ఉంటాయి. ఉప్పునీరు చిక్కబడే కొద్దీ రంగు మారుతుంది, అందుకే ఏ మడికామడి వేరుగా కనిపిస్తుంది. ఫ్రేమ్ నిండా మడులే ఉంటే అవి ఎంత పెద్దవో అర్థం కాదు. ఓ మూల ఉప్పు లాగే మనిషి ఉండాలి. పైనుంచి మనిషి ఓ చుక్కే, పొద్దున్నే అయితే పక్కన పడే పొడుగు నీడను బట్టి పోల్చుకోవచ్చు. పదకొండు దాటితే దుకాణం కట్టేయడమే. అన్నట్టు, అక్కడ పనిచేసేవాళ్లను ముందు అడగండి. నెత్తిమీద గుయ్యిమంటుంటే ఎవరికి నచ్చుతుంది?

కెమెరా సెన్సార్ చిన్నది, 12 మెగాపిక్సెల్స్. నేను రా (RAW) ఫైళ్లలోనే తీస్తాను, తర్వాత దిద్దుకోడానికి వీలుగా ఉంటుంది. ఎండ గట్టిగా ఉంటే బ్రాకెటింగ్ పెడతాను, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో వరసగా తీయడం. ఒక్క ఛార్జ్‌తో ఎగురుతుందని కంపెనీ చెప్పే 31 నిమిషాలు గాలి లేని చోట లెక్క. తీరంలో అయితే ఛార్జ్ 30 శాతానికి రాగానే వెనక్కి పిలిచేస్తాను. బరువు 250 గ్రాముల లోపే కాబట్టి మన దగ్గర పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, అయినా ఎగరేసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే జోన్ మ్యాప్ చూసుకోవాల్సిందే. కొల్లేరు జోలికి మాత్రం పోకండి, అది పక్షుల అభయారణ్యం.

విదేశాల్లో ఉండి కొత్తగా కొనేవాళ్లు రెండో లెన్స్ ఉన్నది చూసుకోండి. డీజేఐదే ఎయిర్ 3లో దూరంవాటిని దగ్గరగా చూపే 70 ఎంఎం కూడా ఉంది. గాల్లోంచి తీయడానికి అదే అసలైన లెన్స్ అని నా అభిప్రాయం, కానీ ఆ డ్రోన్ బరువు 720 గ్రాములు. అంత బరువుంటే అమెరికాలో అయితే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర రిజిస్టర్ చేయించాలి.