గది కంటే ముందు పార్కింగ్ చూసుకోండి

మా స్పోర్ట్స్ కార్ క్లబ్బు మూడు రోజుల యాత్రలో మొదటి రోజు సాయంత్రం, హోటల్ ముందు పధ్నాలుగు కార్లూ వరసగా ఆగిపోయాయి. గదులు సిద్ధంగానే ఉన్నాయి, తాళాలు చేతికిచ్చేశారు. కార్లే లోపలికి పోవడం లేదు. పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంది. అందులోకి దిగే ర్యాంపు పైనుంచి చూస్తే మామూలుగానే ఉంది గానీ, అడుగున నేలను కలిసే చోట ఒక్కసారిగా చదునైపోతుంది. మామూలు కారుకి అది లెక్కలోకే రాదు. ముక్కుకీ నేలకీ మధ్య జానెడు ఎడం కూడా లేని మా కార్లు మాత్రం సరిగ్గా అక్కడే నేలను నాకుతాయి. బుక్ చేసేటప్పుడు ఫోన్లో అడిగాం కూడా. "పెద్ద పెద్ద జీపులే దిగుతాయి సార్, మీ కార్లెంత" అన్నాడు అవతలి మనిషి. ఆయన అబద్ధం చెప్పలేదు. మేం అడగాల్సింది అడగలేదు, అంతే.

ఒకాయన టార్చి పట్టుకుని ర్యాంపు అడుగున బోర్లా పడుకున్నాడు. ఇంకొకాయన డిక్కీలోంచి రెండు చెక్క పలకలు తీశాడు. బట్టలకి చోటు లేదని ఇంట్లో గొడవైనా సరే, ప్రతి ట్రిప్పుకీ అవి తేకుండా రాడట. కారుని నేరుగా దింపకూడదు. ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఒక్కోసారి దిగేలా చూసుకోవాలి. కింద పడుకున్నాయన "రానీ... రానీ... ఇంకా వేలెడుంది... రానీ... ఆగాగు!" అంటుంటే పధ్నాలుగు కార్లు దిగడానికి గంట పట్టింది. నాది పదకొండోది. ఆగమన్నాక అరక్షణం ఆలస్యంగా ఆగాను. గర్రుమని చప్పుడు, బంపరు కింద రెండు వేళ్ల వెడల్పున రంగు పోయింది. అందరూ అయ్యో అన్నారు. ఆ వెంటనే ఎవరి కారు కింది గీతలు వాళ్లు చూపించడం మొదలుపెట్టారు. ఏ గీత ఏ ఊళ్లో పడిందో కూడా గుర్తుంది వాళ్లకి. క్లబ్బులో చేరి ఎనిమిది నెలలైంది గానీ, నన్ను మనవాడనుకున్నది మాత్రం ఆ సాయంత్రమే అనిపించింది.

హోటల్ సంగతి కూడా చెప్పాలి కదా. పరుపులు బాగున్నాయి, వేడినీళ్లు ధారాళంగా వచ్చాయి, రిసెప్షన్‌లో వాళ్లు మర్యాదగా ఉన్నారు. అయినా ఇంకోసారి వెళ్లను. కార్లు కింద, మనుషులు నాలుగో అంతస్తులో. ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని పడుకున్నాం. దానికి క్లబ్బెందుకు?

పేరుకి స్పోర్ట్స్ కార్ క్లబ్బు గానీ, సగం కార్ల వయసు పాతికేళ్లు దాటింది. నాది తొలి తరం మాజ్దా ఎంఎక్స్-5. రెండే సీట్లు, 1.6 లీటర్ ఇంజిను, టన్నుకి కాస్త తక్కువ బరువు, స్విచ్ వేస్తే కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. 1989లో మొదలైన ఈ మోడల్, తర్వాతి తరాలతో కలిపి 2016 నాటికి పది లక్షలు తయారైంది. స్పోర్ట్స్ కార్లలో సామాన్యుడి బండి అన్నమాట. నాకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ హార్స్ పవరున్న కార్లూ మా గుంపులో ఉన్నాయి. నెలకో ఆదివారం తెల్లవారుజామున డ్రైవ్, అప్పుడప్పుడూ ఎవరో ఒకరి గ్యారేజీలో అందరూ కలిసి రిపేర్లు, ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి ఆటోక్రాస్. ఇందులో ఒక్కో కారే గడియారంతో పోటీ పడుతుంది. కోన్ తగిలితే మీ టైముకి రెండు సెకన్లు కలుస్తాయి. వీటన్నిటి పైన ఏడాదికోసారి ఈ మూడు రోజుల యాత్ర.

బయల్దేరే ముందు మా పెద్దాయన చిన్న ఉపన్యాసం ఇస్తారు. డెబ్భై దాటినా గేరు మార్చడంలో మా ఎవరికీ లేని ఒడుపు ఆయనకుంది. ఈసారి మొదటి మాటే, "పందెం ట్రాక్ మీద. రోడ్డు మీద కాదు. కాదన్నవాడు ఇప్పుడే ఇంటికి పోవచ్చు." ఆ తర్వాత వాట్కిన్స్ గ్లెన్ కథ. పాతవాళ్లకి కంఠతా వచ్చు, నేను మొదటిసారి విన్నాను. 1948 అక్టోబరులో అమెరికాలో ఆ ఊరి వీధుల్ని, చుట్టుపక్కల రోడ్లని కలిపి రేసు పెట్టారు. చుట్టు దాదాపు పదిన్నర కిలోమీటర్లు. జనం రోడ్డు అంచుదాకా వచ్చి నిలబడేవారు. 1952లో ఒక కారు జనాన్ని తాకి ఏడేళ్ల పిల్లాడు చనిపోయాడు. దాంతో రేసు ఆ వీధుల్లోంచి వెళ్లిపోయింది, 1956కల్లా దానికంటూ విడిగా ట్రాకు వచ్చింది. "ఆ పిల్లాడి వయసు మర్చిపోకండి" అని కారెక్కేశారు. టీ చేతిలో పట్టుకుని జోకులేస్తున్నవాళ్లం కాసేపు గమ్మునైపోయాం.

ఫోన్లో మ్యాప్ ఉండగా రూట్ బుక్ ఎందుకని నవ్వుకున్నాను. కొండల్లో సిగ్నల్ పోయాక నవ్వు ఆగింది. ఆ పుస్తకంలో ఒక్కో మలుపుకీ ఒక్కో చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క మీరొచ్చే వైపు, బాణం మీరు పోవాల్సిన వైపు, పక్కన ఎన్ని కిలోమీటర్ల దగ్గరో అంకె. వీటిని ట్యూలిప్ బొమ్మలంటారు. నెదర్లాండ్స్‌లో 1949లో మొదలైన ట్యూలిప్ ర్యాలీ నుంచి వచ్చిన పేరు. చదవడం మా ఆవిడకి పది నిమిషాల్లో వచ్చేసింది. ఎడమ ఏది, కుడి ఏది అన్న విషయంలో మాత్రం మాకు చివరిదాకా రాజీ కుదరలేదు.

పధ్నాలుగు కార్లు తోకలు పట్టుకుని పోవడం కుదిరే పని కాదు. మొదటి సిగ్నల్ దగ్గరే రెండు ముక్కలవుతాయి. అందుకే మాకున్న నియమం ఒకటే, ముందు కారుని వెంటాడొద్దు, వెనక కారు మీ బాధ్యత. మలుపు తిరిగే ముందు అద్దంలో వెనకవాడు కనిపించాలి. కనిపించకపోతే పక్కకి తీసి ఆగాలి. అందరికంటే వెనక వచ్చే కారులో తాళ్లు, పనిముట్లు, మందుల పెట్టె ఉంటాయి. ఆ కారు వచ్చిందంటే ఇక అందరూ వచ్చినట్టే.

మొదటి రోజు రెండు దారులు చూశాం. మొదటిది పోస్టర్లలో కనిపించే రకం. ఒకవైపు లోయ, ఇంకోవైపు కొండ, ఆగి ఫొటోలు తీసుకోవడానికి చోట్లు. అంత అందమైన దారి కాబట్టే బస్సులన్నీ అక్కడే. రెండో గేరులో, బస్సు పొగ వెనక, టాపు లేని కారులో గంటన్నర. మా ఆవిడ ముక్కుకి చున్నీ చుట్టుకుని నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. రెండోదాంట్లో చూడ్డానికేమీ లేదు. చెట్లు, రాళ్లు, అక్కడక్కడా ఒక మేక. కానీ తారు శుభ్రంగా ఉంది, వంపు ఎక్కడ ముగుస్తుందో ముందే కనిపిస్తుంది. మూడో గేరులోనే అలా పోతూ ఉండొచ్చు. అలాంటి చోట నా బక్క కారుకి ఏ లోటూ లేదు. నా ముందున్న ఎర్ర కారాయన తర్వాత మొహం వేలాడేసి, "ఎక్సలరేటర్ సగం కూడా తొక్కలేకపోయానండీ" అన్నాడు. కారు కొనేటప్పుడు గొప్పగా చెప్పిన హార్స్ పవర్ ఆయనకి రోజంతా భారమే అయింది.

రెండో రోజు ట్రాక్. ఉదయం ఏడింటికే కార్ల తనిఖీ. బ్యాటరీ కదలకుండా కట్టి ఉందా, కాళ్ల దగ్గర దొర్లే సీసాలేమైనా ఉన్నాయా, చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయా అని చూస్తారు. హెల్మెట్ ఏ రకానిదో చెప్పే లోపలి స్టిక్కర్ కూడా చూస్తారు. బైకు హెల్మెట్ తెచ్చిన ఇద్దర్ని పక్కన పెట్టారు. కారు పందేలకి చేసిన దానికి నిప్పుని తట్టుకునే లోపలి బట్ట ఉంటుంది, బైకుదానికి అది తప్పనిసరి కాదు. అద్దెకిచ్చే హెల్మెట్లు అక్కడే ఉన్నాయి గానీ, వాటి వాసన గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ట్రాక్ నడిపే తీరుకి మాత్రం పూర్తి మార్కులు. కొత్తవాళ్లు, నడిమివాళ్లు, చేయి తిరిగినవాళ్లు అని మూడు జట్లు చేశారు. ప్రతి ముఖ్యమైన వంపు దగ్గరా జెండా పట్టుకుని మనిషి. పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ వద్దు. నీలం అయితే వెనక వేగమైన కారుంది, దారివ్వు. నల్లది చూపిస్తే నీతోనే మాట్లాడాలి, లోపలికి రా. ఎరుపు అయితే అందరి ఆటా ఆగినట్టే. అంబులెన్సు రోజంతా నీడలో ఉంది. మనుషులకి నీడ లేకపోవడం, గాలి మిషను మధ్యాహ్నానికే మొరాయించడం లోపాలు. ఇంకోటి, చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ట్రాక్ మీద జరిగినదానికి పైసా ఇవ్వవు. సంతకం చేసే కాగితంతో పాటు మీ పాలసీ కూడా ఒకసారి చదవండి.

రెండో సెషన్, నాలుగో చుట్టు. పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, దూది మీద కాలేసినట్టు కిందికి పోయింది. ఒంట్లో రక్తం ఒక్కసారి చల్లబడింది. రెండు మూడుసార్లు గబగబా పంపు కొట్టినట్టు తొక్కాక కారు ఆగింది, వంపు దాటి ఇసకలో రెండు గజాల లోపల. చెయ్యి పైకెత్తి, మెల్లగా బయటికొచ్చేశాను.

మా ఎర్ర కారాయనే బానెట్ ఎత్తి చూశాడు. బ్రేక్ ఫ్లూయిడ్ లేత పసుపు రంగులో ఉండాలి. నాది డికాక్షన్‌లా ఉంది. ప్రయాణానికి నెల ముందు సర్వీసులో మార్చామని బిల్లులో రాసిచ్చారు, డబ్బులు తీసుకున్నారు. ఆ ఫ్లూయిడ్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకి పడిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. మన కాలి బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. ఊళ్లో తిరిగినంతకాలం ఇదేదీ బయటపడదు.

సీలు తీయని డబ్బా ఆయన దగ్గరే ఉంది. చక్రాలు చల్లబడ్డాక నేను సీట్లో, ఆయన చక్రం పక్కన నేల మీద కూర్చున్నాం. "తొక్కు." తొక్కాను. "అలాగే ఉంచు." స్పానర్ తిప్పిన చప్పుడు, పెడల్ కిందికి జారింది. "వదలకు, వదలకు... ఆ, ఇప్పుడొదులు." వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి నాలుగూ అలాగే చేశాం. సన్నటి గొట్టంలో ముందు నల్లగా, తర్వాత బుడగలతో, చివరికి తేనె రంగులో వచ్చింది. ముప్పావుగంట తర్వాత పెడల్ రాయిలా నిలబడింది. ఆయన తన సెషన్ ఒకటి పోగొట్టుకున్నాడు. థ్యాంక్స్ చెబితే, "ఎక్కువ మాట్లాడకుండా వచ్చే సెషన్‌కి టైర్ల గాలి చూసుకోండి" అన్నాడు.

సాయంత్రం తిరిగొస్తుంటే ఒకరి కారు క్లచ్ పోయింది. రోడ్‌సైడ్ సహాయం సంస్థకి ఫోన్ చేసి, కారు బాగా కిందికుంటుంది, మొత్తం పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ పంపండని మూడుసార్లు చెప్పాం. కొక్కెం తగిలించి లాగే బండి వచ్చింది. దాన్ని తిప్పి పంపి, సరైనది వచ్చేసరికి మూడు గంటలు. ఈ రకం కార్లున్నవాళ్లు ఫోనెత్తగానే ముందు ఫ్లాట్‌బెడ్ అనండి, పేరు తర్వాత చెప్పొచ్చు. ఒక్కరూ ముందుకి పోలేదు. రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాం. మా ఆవిడకి ఆ మూడు గంటల్లో ఇద్దరు స్నేహితురాళ్లు దొరికారు. మూడో రోజు ఏసీ, టాపు ఉన్న వాళ్ల కార్లో వస్తానని అప్పుడే తేల్చి చెప్పేసింది.

రెండో రాత్రి బస కొండ మీద పాత గెస్ట్ హౌస్. వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, ఒక గదికి గడియ సరిగా పడలేదు, వైఫై ఊసే లేదు. అయితే గేటు నుంచి వరండా దాకా చదునైన పెద్ద పెరడు. కార్లన్నీ కళ్ల ముందే. చూసుకునే ముసలాయన మేం రాకముందే నీళ్ల గొట్టం, రెండు బకెట్లు, ఉతికిన పాత గుడ్డలు వరండా మెట్ల మీద పెట్టి ఉంచాడు. ఎవరూ చెప్పలేదు. కార్లవాళ్లని ఇంతకుముందు చూసినవాడే అయ్యుంటాడు. రాత్రి పన్నెండు దాకా ఎవరూ గదుల్లోకి పోలేదు. నా కారు హెడ్‌లైట్లు లేపి దించడం పెద్దాయన మనవడికి ఆటైపోయింది. బ్యాటరీ దిగిపోతుందని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

తెల్లవారి ఐదున్నరకి బయల్దేరాలి. మిగతా గదుల్లో పిల్లలున్న కుటుంబాలు నిద్రపోతున్నాయి. పధ్నాలుగు ఇంజిన్లూ ఆ పెరట్లో ఒకేసారి మొదలైతే ఇంకేమైనా ఉందా. గేటు దాటితే పల్లం. అందుకని ఒక్కో కారుకి ముగ్గురం చేయివేసి, గుసగుసలాడుకుంటూ గేటు బయటికి తోశాం. నా కారు వంతు వచ్చినప్పుడు మా ఆవిడే స్టీరింగ్ పట్టుకుంది, బ్రేకు మీద కాలు పెట్టి. గేటు దాటగానే కారు తనంతట తానే కదిలింది. మేం వెనక నుంచి చేతులు తీసేశాం. చీకట్లో మలుపు దగ్గర హెడ్‌లైట్లు రెండూ పైకి లేచాయి.

"ఎడమకేనా?" అని అరిచింది, గుసగుసల సంగతి మరిచిపోయి.