ది రైడర్: గుర్రాన్ని చూపించింది, పందెం చూపించలేదు

పోస్టర్ మీద టోపీ, గుర్రం చూసి కూర్చుంటే అరగంటకే రిమోట్ మీదికి చెయ్యి పోతది. 1971లో కృష్ణ కౌబాయ్‌గా వచ్చినప్పటి నుంచి మనకు వెస్టర్న్ అంటే తుపాకులు, నిధి, పగ. ఇందులో అవి ఉండవని ముందే తెలుసుకుని కూర్చోవడం మంచిది. 2017లో కాన్ చిత్రోత్సవం డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో బహుమతి అందుకున్న సినిమా ఇది, తీసింది తర్వాత ఆస్కార్ గెలిచిన క్లోయీ జావ్. అయినా నిరాశే మిగులుతుంది. దానికి కారణం నెమ్మది ఒక్కటే కాదు.

అమెరికాలోని సౌత్ డకోటాలో, లకోటా ఆదివాసులకు కేటాయించిన పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో కథ. విదిలించే గుర్రం, ఎద్దు మీద పడకుండా నిలిచే పందెం రోడియో. అందులో పడ్డప్పుడు గుర్రం తల తొక్కడంతో కథానాయకుడు బ్రేడీ పుర్రెకు ప్లేటు వేశారు. మళ్లీ తలకు దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. చెయ్యి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, వేళ్లను రెండో చేత్తో విప్పుకోవాలి. ఆ పాత్ర వేసిన బ్రేడీ జాండ్రోకు 2016లో నిజంగా తగిలిన దెబ్బే ఇది. తండ్రిగా, చెల్లెలిగా వేసినవాళ్లు కూడా అతని సొంత ఇంటివాళ్లే. జనగామ, నర్సంపేట దిక్కు గీత కార్మికుల ఇండ్లు ఎరిగినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు: తాటిచెట్టు మీంచి పడి నడుం పోయిన మనిషి గోడకు వేలాడే మోకును చూస్తూ కూర్చుంటడు, ఇంకో పని దొరికినా మనసొప్పదు.

ఇంత మంచి సరుకు చేతిలో ఉండి, రోడియో ఏమిటో మాత్రం సినిమా చెప్పదు. బ్రేడీ ఎక్కేది జీను కట్టిన ఎగిరే గుర్రం. ఎనిమిది సెకన్లు నిలవాలి. ఒక్క చేత్తోనే పగ్గం పట్టాలి, రెండో చెయ్యి గుర్రానికి తగిలితే ఆ సవారీ లెక్కలోకి రాదు. మొదటి గెంతుకు మడమలు గుర్రం భుజాల పైన ఉండాలి. వంద మార్కుల్లో సగం గుర్రం ఎగిరినదానికే పోతాయి. పేరు నమోదుకు రుసుము రైడరే కడతాడు, జీతం ఉండదు, పైస్థానాల్లో నిలిస్తేనే డబ్బు. ఇవి తెలిస్తే పగ్గం వదలని చెయ్యి ఎంత ప్రమాదమో, పేదింటికి ఈ పందెం ఎంత ఖర్చో అర్థమవుతాయి. తెలియకపోతే, కుర్రాడు దేన్ని వదులుకుంటున్నాడో ఊహించుకోవాల్సిందే. అమెరికా పశ్చిమంలో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదేమో, హన్మకొండలో చూసేవాడికి కావాలి.

దీని మీద పునరుక్తి ఒకటి. సూపర్‌మార్కెట్‌లో కొలువు, తండ్రితో గొడవ, మంట చుట్టూ దోస్తులు, సాయంత్రం వెలుతురులో మైదానం. మళ్లీ అవే. ప్రతి దృశ్యం అడిగేది ఒకటే: ఎక్కుతాడా, మానతాడా? ఇంటి కిరాయి కోసం తండ్రి గుర్రాన్ని అమ్మేయడం లాంటి మలుపులు వచ్చినా కథ ముందుకు జరగదు, బ్రేడీ ఇంకాస్త దిగులుపడతాడు, అంతే. నూరు నిమిషాలు దాటే నిడివిలో ఇరవై తీసేసినా పోయేదేం లేదు.

బ్రేడీ దోస్తు లేన్ స్కాట్ సంగతి ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఒకప్పటి బుల్ రైడర్, ఇప్పుడు ఒళ్లు కదలదు, వేళ్లతో అక్షరాలు చూపి మాట్లాడతాడు. నిజజీవితంలో అతనికి ఈ స్థితి వచ్చింది కారు ప్రమాదంలో. సినిమా ఆ మాట ఎత్తకుండా పాత సవారీ వీడియోలు చూపించి, ఎద్దు మీంచి పడ్డాడేమో అనుకోనిస్తుంది. అసలు మనుషులతో తీశామన్న పేరు మీద నిలబడ్డ సినిమాకు ఇది తగదు. బ్రేడీకి, లేన్‌కు మధ్య చనువు మాత్రం నటన కాదని కనబడుతూనే ఉంటుంది.

పైసా వసూలయ్యేది గుర్రాన్ని మచ్చిక చేసే దృశ్యాల్లోనే. ఎవరూ ఎక్కని గుర్రం దగ్గరికి జాండ్రో పోయే తీరు చూడండి. ఒక అడుగు వేసి ఆగుతాడు. గుర్రం తల తిప్పితే, చెవి ఇటు పెడితే, వెంటనే ఒత్తిడి తగ్గిస్తాడు. అది లొంగిందని కాదు, విన్నదని ఇచ్చే బహుమానం ఆ తగ్గడమే. తర్వాత మెడ మీద చెయ్యి, తర్వాత వీపు మీద కొంచెం బరువు. తొందరపడితే గుర్రం బెదిరి మొదటికొస్తుంది. ఇక్కడ నెమ్మదికి పని ఉంది: ప్రతి నిమిషం ఏదో మారుతుంది. మిగతా సినిమాకు ఈ లెక్క ఎందుకు పట్టలేదో!

చూసేవాళ్లకు ఒక మాట. ఫోన్‌లో వద్దు. కెమెరామన్ జాషువా జేమ్స్ రిచర్డ్స్ చాలా భాగం పొద్దుగూకే వెలుతురులో తీశాడు, పగటి పూట కిటికీ తెరిచి చూస్తే నలుపు తప్ప ఏమీ కనపడదు. రాత్రి, లైట్లు ఆర్పి, టీవీలో కదలికలను నునుపు చేసే సెట్టింగ్ తీసేసి పెట్టుకోండి. మాటలు గొణుగుడులా వినిపిస్తాయి కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. పశువులతో పని చేసేవాళ్లు ఇంట్లో ఉంటే మచ్చిక చేసే దృశ్యాలప్పుడు పిలవండి, మిగతాదానికి కూర్చోమని బలవంతపెట్టొద్దు. గాయపడ్డ గుర్రానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది, పిల్లలతో చూస్తుంటే అది కాస్త గుర్తుపెట్టుకోండి.