ఇంటి చదువుకు ఏది మేలు: నాలుగు రోజుల వారమా, ఆరు వారాలకొక విరామమా?

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు ఏడాది ప్రణాళిక వేసుకునేటప్పుడు సాధారణంగా మూడు పద్ధతుల మధ్య తటపటాయిస్తారు. బడి క్యాలెండరును ఉన్నదున్నట్టుగా ఇంటికి తెచ్చుకోవడం మొదటిది. వారానికి నాలుగు రోజులే పాఠాలు పెట్టుకొని, పొడవైన సెలవులను కుదించి, దాదాపు ఏడాది పొడవునా చదువు సాగించడం రెండోది. వారానికి ఐదు రోజులూ చదివించి, ప్రతి ఆరు వారాల తరువాత ఒక వారం పూర్తిగా విరామం ఇవ్వడం మూడోది. చివరి రెండూ అమెరికాలోని హోమ్‌స్కూలింగ్ కుటుంబాల్లో బాగా వాడుకలో ఉన్నవే. తెలుగునాట వాటిని అమలు చేయదలిస్తే మాత్రం మన పండుగలు, ఎండలు, పరీక్షలు ఎక్కడ అడ్డు తగులుతాయో ముందే చూసుకోవాలి.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 220 పనిదినాలు, 1000 గంటలు ఉండాలి. ఈ నియమం బడులకు పెట్టినదే తప్ప, ఇంటి చదువు ఎన్ని రోజులు సాగాలో ఆ చట్టం చెప్పలేదు. అయినా చాలామంది ఆ 200 సంఖ్యనే మనసులో పెట్టుకొని, ఒక్క రోజు తగ్గినా పిల్లలు వెనుకబడతారని బెంగపడుతుంటారు. 200 రోజులకు 800 గంటలంటే రోజుకు నాలుగు గంటలు. హాజరు పిలవడం, నోటుపుస్తకాలు దిద్దడం, అల్లరిని అదుపు చేయడం కూడా తరగతి గదిలో ఆ నాలుగు గంటల్లోనే గడుస్తాయి. ఒక్క బిడ్డనో ఇద్దరినో ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పే చదువుకు అంత సమయం అక్కర్లేదు కాబట్టి, ఈ మూడు పద్ధతులనూ రోజుల మొత్తాన్ని బట్టి కాక, విరామం ఎప్పుడు వస్తుంది, అది ఎవరికి పనికొస్తుంది అన్నదాన్ని బట్టి తూచడం సబబు.

బడి క్యాలెండరుకు ఉన్న పెద్ద సుగుణం తోడు. ఎదురింటి పిల్లలకు, పెదనాన్న, మేనత్తల పిల్లలకు సెలవులున్నప్పుడే మన పిల్లలకూ ఉంటాయి. అమ్మమ్మగారి ఊరికి అందరూ కలిసే వెళ్లవచ్చు. ఒంటిపూట బడుల సమయంలో ఇంట్లో కూడా ఉదయం పూటతో చదువు ముగించే అలవాటు దానంతటదే వస్తుంది. లోపమల్లా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు సాగే ఏడు వారాల వేసవి ఖాళీ. ఎక్కాలు, ఒత్తులు అప్పుడప్పుడే పట్టుబడుతున్న వయసులో అంత ఎడం వస్తే, జూన్ నెల చాలావరకు పాతపాఠాలకే పోతుంది. బడి నిర్బంధాలేవీ లేని ఇంట్లో ఆ క్యాలెండరును యథాతథంగా పాటించడానికి తోడు తప్ప మరో గట్టి కారణం నాకు కనబడదు.

నాలుగు రోజుల వారం చూడగానే ఆకట్టుకుంటుంది. వారానికి నాలుగు రోజుల చొప్పున 45 వారాలు చదివితే 180 రోజులవుతాయి. అయితే అప్పుడు ఏడాది మొత్తానికి మిగిలేవి ఏడు వారాలే. వాటిని వేసవికే ఇచ్చేస్తే దసరాకు, సంక్రాంతికి ఏమీ మిగలదు. అందుచేత మన ఇళ్లలో ఆచరణకు వచ్చేసరికి ఇది 40 వారాలు, 160 రోజుల పద్ధతిగా మారుతుంది, అందులో తప్పేమీ లేదు. మిగిలిన ఆ ఒక్క రోజు ఏదన్నది మాత్రం ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఎక్కువమంది శుక్రవారాన్ని ఎంచుకొని శని, ఆదివారాలతో కలుపుకుంటారు. దానివల్ల లెక్కలకు వారం వారం మూడు రోజుల ఎడం వస్తుంది. పైగా హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. సోమవారం తీసుకుందామంటే నెహ్రూ జూ పార్కు మూసి ఉంటుంది. బుధవారం ఖాళీగా ఉంచుకుంటే రెండు చిక్కులూ తీరి, వరుసగా రెండు రోజులకు మించి చదువు బరువూ పడదు. ఈ పద్ధతికి అసలు ప్రమాదం పండుగ వారాల్లో ఎదురవుతుంది: పండుగ పనిదినాన వచ్చి, దాని ముందు రోజు పిండివంటలకు పోతే, నాలుగు రోజుల వారం రెండు రోజులకు దిగుతుంది.

ఆరు వారాల చక్రంలో 36 చదువు వారాలు, 180 రోజులు, ఆరు విరామ వారాలు పోను ఇంకా పది వారాలు మిగులుతాయి. అందులో ఏడు వేసవికి ఇచ్చినా పెద్ద పండుగలకు మూడు వారాలు చేతిలో ఉంటాయి. విరామ వారం పిల్లల కోసమే అనుకుంటాం గాని, దానివల్ల ఎక్కువ మేలు పొందేది చదువు చెప్పే మనిషి. చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లి. పాఠం ఆగినంత మాత్రాన ఆమెకు వంటిల్లు ఆగదు. దిద్దకుండా పేరుకున్న నోటుపుస్తకాలు చూసుకోవడానికి, రాబోయే పాఠాలు ఒకసారి ముందుగా చదువుకోవడానికి, జ్వరాలతో పోయిన రోజులను సర్దుకోవడానికి వారంలో ఒక్క ఖాళీ రోజు చాలదు. ఆ ఒక్క రోజు బ్యాంకు పనులకో చుట్టాల రాకపోకలకో చెల్లిపోతుంది.

అయితే ఆరు అన్న సంఖ్యతో మన పంచాంగానికి పొత్తు కుదరదు. భాద్రపద శుద్ధ చవితి నుంచి ఆశ్వయుజ శుద్ధ దశమి వరకు, మధ్యలో అధికమాసం రాని పక్షంలో, ఐదు వారాలే. దశమి నుంచి దీపావళి అమావాస్యకు మూడు వారాలు కూడా నిండవు. దీపావళి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు ఎప్పుడైనా రావచ్చు. సంక్రాంతి సూర్యమానం ప్రకారం జనవరి 14, 15 తేదీల్లోనే స్థిరంగా ఉంటుంది కాబట్టి, ఆ రెండింటి మధ్య ఎడం ఏడాదిని బట్టి తొమ్మిది నుంచి పదమూడు వారాల వరకు మారుతుంది. క్యాలెండరులో ఆరేసి వారాలకు గీతలు గీసుకుంటూ పోతే, విరామం ముగిసిన మర్నాడే పండుగ రావడం, ఎనిమిది రోజుల్లో రెండు సెలవులు తగలడం వంటివి తప్పవు. అందుకే ముందుగా పండుగలను గుర్తుపెట్టి, విరామాలను వాటికి ముడిపెట్టాలి. ఆషాఢంలో బోనాల వేళ ఒక వారం, చవితికి రెండు రోజులు, దసరాకు రెండు వారాలు ఇచ్చి, దీపావళిని రెండు రోజులతో సరిపెట్టి, నవంబరు చివర ఏ పండుగా లేకపోయినా ఒక వారం కావాలని ఆపాలి. అందరూ మరచిపోయేది ఈ నవంబరు విరామాన్నే. దీపావళి ముందుగా వచ్చిన ఏడాది అది లేకపోతే డిసెంబరులో తల్లీపిల్లలిద్దరూ విసిగిపోతారు. ఇలా సర్దుకున్నాక చదువు విడతలు నాలుగు నుంచి ఏడు వారాల వరకు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. మూడింటిలో నా మొగ్గు ఇలా సవరించుకున్న మూడో పద్ధతి వైపే.

రెండింటినీ కలిపి, నాలుగు రోజుల వారమూ ఆరు వారాలకొక విరామమూ పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. అలా చేస్తే 144 రోజులు వస్తాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అవి ధారాళంగా సరిపోతాయి. ఆరో తరగతి స్థాయికి వచ్చాక లెక్కలు, సైన్సు రెండూ పెరుగుతాయి కనుక, ఆ వయసులో విరామ వారాలను ఉంచుకొని ఐదో రోజును తిరిగి చదువుకు ఇవ్వడమే మంచిది.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ ఎంపికలో సగం రాష్ట్ర చట్టమే చేసి పెడుతుంది. జార్జియాలో ఏడాదికి 180 రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు చదువు సాగాలి కాబట్టి 144 రోజుల ప్రణాళిక అక్కడ చెల్లదు. నాలుగు రోజుల వారమే కావాలంటే 45 వారాలు నడపాలి. పెన్సిల్వేనియాలో 180 రోజులకు బదులు ప్రాథమిక తరగతులకు 900 గంటలు, పై తరగతులకు 990 గంటలు చూపినా చాలు కనుక, 144 రోజులతో నెట్టుకురావాలంటే చిన్న పిల్లలకైనా రోజుకు ఆరుంబావు గంటలు అవసరమవుతాయి. చిన్న వారం వల్ల కలిగే సుఖం అక్కడే ఆవిరైపోతుంది. టెక్సాస్‌లో రోజుల లెక్క ఏదీ లేదు.

పద్నాలుగేళ్లు నిండి, బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయనిచ్చే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి రాయబోయే పిల్లల సంగతి వేరు. ఆ సంస్థ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబరు-నవంబరు నెలల్లోనూ జరుగుతాయి. రెండో విడత దసరా, దీపావళి రోజుల్లోనే పడుతుంది కాబట్టి, పండుగలకు విరామాలు ముడిపెట్టుకున్న ఇంటికి ఏప్రిల్ విడతే అనుకూలం. ఆ ఏడాది సంక్రాంతి దాకా అలవాటైన విడతలనే కొనసాగించి, జనవరి చివరి నుంచి విరామ వారాలు ఎత్తివేసి, బుధవారాలను పాత ప్రశ్నపత్రాలకు కేటాయించుకోవచ్చు. ఒకసారి చేసుకున్న నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు దొరుకుతాయి; సబ్జెక్టులన్నీ ఒకే విడతలో రాయనక్కరలేదు గనుక తెలుగు, సాంఘికశాస్త్రం వంటివి ముందు పూర్తి చేసి, లెక్కలను మరుసటి విడతకు ఉంచుకోవచ్చు.